కృపావతి గారింటి బోర్డు

మా గోడ అవతల ఇంట్లో ఉండే కృపావతికి ఈ నాలుగేళ్ళలో, నా లెక్క ప్రకారం, తొమ్మిదిసార్లు క్యాన్సర్ తిరగబెట్టింది. తలనొప్పి వస్తే మెదడుకు పాకింది. మోకాలు పట్టేస్తే ఎముకలకు పాకింది. పుల్లమామిడికాయ తిని దగ్గితే ఊపిరితిత్తులే పోయాయి. తొమ్మిదిసార్లూ డాక్టరమ్మ ఏమీ లేదని ఇంటికి పంపింది. అసలు జబ్బు వచ్చింది ఒక్కసారే. ఎడమ రొమ్ము తీసేసి, మందులెక్కించి, రేడియేషను కరెంటు పెట్టి దాన్ని వెళ్ళగొట్టారు. భయాన్ని వెళ్ళగొట్టే మందు మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

నా పేరు తాయారు. ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, రిటైరయ్యాక ఈ దువ్వాడలో ఇల్లు కట్టుకున్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా కృపావతి గోడ దగ్గరకొచ్చి "టీచరమ్మా, నా పనైపోనాదండి" అంటుంది. నేను పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చి వినాలి. ఎన్ని పప్పులు మాడాయో!

మనిషి మాత్రం సరదా మనిషి. వీధిలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుడుతుంది. ఆపరేషనయ్యాక తన జాకెట్టులో ఎడమ వైపు చిన్న గుడ్డసంచి కుట్టి, బరువు సరిపోవాలని ఆవాలు పోసుకుంది. "వానలో తడిస్తే మొలకలొస్తాయేమో చూసుకో" అన్నాను. మిషను మీద వాలిపోయి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఆవిడ భర్త సుందర్ రాజ్ ఊరి చివర ఇనప కడ్డీలు తీసే ఒక చిన్న రోలింగు మిల్లులో సేఫ్టీ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. ఆ మిల్లు గేటు దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ అని ఒక బోర్డు ఉండేది. రోజుకో అంకె పెరుగుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలిందంటే మళ్ళీ సున్నా. వెయ్యి రోజులు నిండితే మనిషికో మిక్సీ ఇస్తారు.

కరెంటు పెట్టడం అయిపోయిన మర్నాడే ఆయన అలాంటి బోర్డు ఒకటి చేయించి తెచ్చాడు. పచ్చరంగు రేకు మీద తెల్లటి అక్షరాలతో ‘జబ్బు లేని రోజులు’. చర్చిలో ఇచ్చిన వాగ్దాన వాక్యం క్యాలెండరు పక్కనే మేకు కొట్టి తగిలించాడు. నొప్పులకు అంకె పోదు, గడ్డ కనబడితేనే సున్నా అని నియమం కూడా పెట్టాడు. రోజూ ఉదయం ప్రార్థన కాగానే అంకె పలక మార్చి చప్పట్లు కొట్టేవాడు. అయిదు వందల రోజులకు ఆవిడకు టిఫిన్ క్యారియరు, వెయ్యి రోజులకు కుక్కరు ఇచ్చాడు. గ్యాసు తెచ్చినవాడు కూడా ముందు బోర్డు చదివి ఆ తర్వాతే బండ దించేవాడు. పాస్టరు గారు ప్రసంగంలో చెప్పి అందరిచేతా ఆమెన్ అనిపించారు. నాకు మాత్రం ఆ బోర్డు చూస్తే ఒళ్ళు మండేది. ఇంట్లో ఉన్నది పెళ్ళామా, కొలిమా?

పద్నాలుగు వందల అరవై రెండో రోజు ఉదయం పదింటికి కృపావతి గోడ దగ్గరకు రాలేదు. గేటు తీసుకుని లోపలికే వచ్చింది. తలుపు వేసింది.

"టీచరమ్మా, ఒకసారిక్కడ సెయ్యెట్టి సూడండి."

చంకలో కందిగింజంత గడ్డ తగిలింది.

"ఎప్పట్నుంచి ఉందిది?"

"పంతొమ్మిది రోజులయిపోనాది."

"మీ ఆయనకు చెప్పావా?"

"సెప్తే బోర్డు సున్నాకొచ్చీయదా? పద్నాలుగొందల అరవై రెండండి! పదిహేనొందలకి ఫ్రిజ్జు కొంతానన్నారు."

"ఫ్రిజ్జు కోసం ప్రాణం మీదకు తెచ్చుకుంటావా?"

"ఫ్రిజ్జేటండి, ఆయన మాట. మిల్లులో తొమ్మిదొందల పదకొండో రోజున ఆయన సిటికినేలు గోరు ఊడిపోనాది. రుమాలు సుట్టీసుకొని, జేబులో సెయ్యెట్టుకొని గేటు దాటొచ్చీసారు. సేఫ్టీ సూపర్‌వైజరండి! కత్తిపీటకి తెగిందని నాకూ అబద్దమే సెప్పేరు. అందరి మిక్సీలూ పోతాయని ఆయన గోరు దాసేరు. నాను ఇంతపాటి గింజ దాయలేనా?"

మండిపడ్డాను. బడిలో ఏ పిల్లనూ అంతగా తిట్టలేదు. తిట్టడం అయ్యాక ఆలోచించాను. మోకాలు నొప్పికి వీధంతా వినబడేలా చచ్చిపోయే మనిషి, ఇన్నాళ్ళు నోరు కట్టేసుకుని కూర్చుందంటే ఎంత భయపడి ఉండాలి?

లైనింగు గుడ్డకని చెప్పి ఆ రోజే ఇద్దరం సీతమ్మధారలో డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆవిడ చూసింది, స్కానింగు చేయించింది, గడ్డలోంచి సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపింది. నాలుగో రోజున రమ్మంది. ఇంటికొచ్చాక సుందర్ రాజ్ "గుడ్డేదమ్మా?" అని నన్నడిగాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సత్యం పలకమని చెప్పిన నోటితో, కొట్టు మూసేశారన్నాను.

కృపావతి మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటోంది. నేను ఆవిడకు తెలియకుండా సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను. పైన వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకుని ఒక మాట మీదకు వస్తారులే అనుకున్నాను.

మూడో రోజు ఉదయం గోడ అవతల చప్పట్లు వినబడ్డాయి. వెంటనే కేక వినబడింది. పరుగెత్తాను.

"ఆపండి! సప్పట్లాపండి! గడ్డొచ్చింది నాకు. ఇరవై రెండు రోజులయ్యింది!"

సుందర్ రాజ్ చేతిలో అయిదు అంకె పలకతో అలాగే నిలబడిపోయాడు. "తెలుసు" అన్నాడు మెల్లగా. "నిద్దట్లో నీ సెయ్యి అక్కడికే ఎల్తంది. పది రోజులై సూస్తన్నాను."

"మరడగలేదేటి?"

"అడిగితే సెప్తావు గదా. సెప్తే నిజమైపోతాది గదా."

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే గడ్డను దాచారన్నమాట! ఇద్దరికీ కలిపి గడ్డి పెట్టాను. కృపావతి బోర్డును మేకు మీంచి లాగి, బీరువా వెనక గోడ వైపు తిప్పి పెట్టేసింది. ఆయన చేతిలో పలక ఎక్కడ పెట్టాలో తెలియక నాకిచ్చాడు.

నాలుగో రోజు ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. ఆవిడ రెండోసారి ఎందుకు చదువుతోందో అర్థంకాక నేనూ ఆ కాగితాన్ని తలకిందులుగా చదవబోయాను.

"వట్టి కొవ్వు గడ్డ, కృపావతి గారూ. భయం లేదు. కానీ ఈసారి ఏది తగిలినా మర్నాడే నా ముందుండాలి."

కృపావతి ఏడ్చింది. సుందర్ రాజ్ ‘స్తోత్రం’ అంటూ చేతులు జోడించాడు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఆయన ఆగిపోయాడు.

"కృపా, నాకూ ఒకటుంది."

"ఏటి?"

"వీపు మీద. బుడిపి."

"ఎప్పట్నించి?"

ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. "నీ ఆపరేసను ముందు నించి."

"నాలుగేళ్ళా!" ఆవిడ కేకకు పక్క మందుల కొట్లో వాళ్ళు కూడా తొంగిచూశారు. "నాను పంతొమ్మిది రోజులు దాసినందుకు టీచరమ్మ నన్ను సంపీసినంత పని సేసేరు. మీరు నాలుగేళ్ళా?"

"నీ బయం నీకు సాల్దా, పైన నాదొకటెందుకని."

ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని, మళ్ళీ మెట్లెక్కించి, వరుసలో కూర్చున్నవాళ్ళందరినీ దాటించి, డాక్టరమ్మ ముందు నిలబెట్టి చొక్కా పైకెత్తేసింది. డాక్టరమ్మ నొక్కి చూసి నవ్వింది. అదీ కొవ్వు గడ్డే.

బస్సులో మేమిద్దరం ముందు సీట్లో కూర్చున్నాం. ఆయన మా వెనక. గాజువాక దాటాక కృపావతి వెనక్కి తిరిగింది.

"నాలుగేళ్ళూ ఒక్కరే బయపడ్డారా?"

"ఊఁ."

"నానూ ఒక్కదాన్నే. బయపడీసి బయపడీసి అలిసిపోనానండి. మళ్ళీ రాదని డాక్టరమ్మ కూడా సెప్పలేదు. ఇక నించి షిఫ్టులేసుకుందాం. పగలు నాను బయపడతాను, మీరు నవ్వుతా ఉండండి. రాత్రి మీరు బయపడండి, నాను పడుకుంతాను."

మిల్లు మనిషి కదా, ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"మరి ఆదోరం?"

"ఆదోరం మనిద్దరికీ సెలవు. టీచరమ్మ బయపడతారు."

నేను ఒప్పుకున్నాను. ఈ నాలుగు రోజులూ నేను చేసింది ఆ డ్యూటీయే.