మా మేనత్త డాబా, అడుగువైపు కరెంటు

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి సంగతేం కాదు, రెండువేల పద్దెనిమిది ప్రాంతం. అయినా తలచుకుంటే ఎవరో వేరే కుర్రాడి కథలా ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి లోకమంతా తన దుకాణం సరుకు కోసమే ఎదురు చూస్తోందనిపించే వయసు ఒకటుంటుంది, నాకది కాస్త ముదిరింది. బ్యాంకు పరీక్షల కోచింగు మధ్యలో వదిలేసి శ్రీకాకుళంలో ఒక సోలార్ దుకాణంలో చేరిపోయాను. బడిపంతులైన మా నాన్న అన్నం తింటూ చెయ్యి ఆపి, "ఎండ అమ్ముకుంటావేట్రా?" అన్నారు. (ఇంకేమీ అనలేదు. ఆయన ఇంకేమీ అనకపోతేనే మా ఇంట్లో అందరికీ భయం.)

మా దుకాణానికి అప్పుడే రెండువైపులా పనిచేసే ప్యానెళ్లు వచ్చాయి. పైముఖం ఎండని పడుతుంది, అడుగుముఖం నేల మీద పడి తిరిగొచ్చే వెలుతురుని పడుతుంది. ఈ సంగతి నేను చేతులు తిప్పుతూ చెబుతుంటే జనం శ్రద్ధగా విని, బాగుందని మెచ్చుకుని, మామూలు ప్యానెళ్లు కొనుక్కుని వెళ్లేవారు. ఇక కాదనలేని మనిషెవరా అని వెతికితే కోటబొమ్మాళిలో మా మేనత్త దొరికింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది, అక్కడి మా బాప్టిస్టు సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. మా మావయ్య మాత్రం ప్యానెల్ కిందికి వంగి చూసి, "పై మొగం సూర్యుడికి, సరే. కింద మొగం ఎవులికిరా, బల్లులకా?" అన్నాడు.

పక్కిల్లు మావయ్య తమ్ముడిది, అంటే చిన్న మావయ్యది. ఆయన డాబా మీద అప్పటికే మామూలు ప్యానెళ్లున్నాయి, సరిగ్గా మేం పెట్టినన్నే. మా నాన్నకి ఇంతకన్నా మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుంది? బిగింపు అయిన రోజున వచ్చి అక్కగారి ముందు తీర్పు చెప్పేశారు. "అప్పా, ఎండలు ఎలిపోయేలోగా ఈడి ప్లేట్లు పక్కింటి ప్లేట్లని దాటితే ఉద్యోగం సేసుకోనీ. దాటకపోతే మళ్లీ కోచింగే." నేను ఛాతీ విరిచి ఒప్పేసుకున్నాను.

ఆ తరవాత రోజూ సాయంత్రం శ్రీకాకుళం నుంచి అత్తకి ఫోను చేసేవాణ్ని. తను ఇన్వర్టర్ మీది యూనిట్లు చదివి, గోడ మీదుగా కేకేసి పక్కింటి లెక్క కనుక్కునేది. రెండూ కవల పిల్లల్లా ఒకేలా ఉండేవి. ఫోన్లోంచే చిన్న మావయ్య గొంతు వినిపించేది, "ఏటి అల్లుడూ, నీ రెండో మొగం ఇంకా నిద్దర లేగలేదేటి?" నాకు అన్నం సయించేది కాదు. కోచింగు సెంటర్లో నా పాత బెంచీ కలలోకి వచ్చేది.

నా దిగులు చూడలేక అత్త సంఘంలో ప్రార్థన పెట్టించింది. అది నెల మొదటి ఆదివారం, గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారపు ఆదివారం. మర్నాడు సోమవారం ఫోను చేస్తే అత్త గొంతు పొంగిపోతోంది. పక్కింటిని దాటేశాం! "సూసావేట్రా, దేవుడు ఇన్నాడు!" అంది. మంగళవారం మళ్లీ మొదటికొచ్చింది. వెనకనుంచి మావయ్య, "సోమారమొక్కటే ఇన్నాడేటే?" అనడం, "మీ అపనమ్మకం వల్లే మంగళారం పడిపోనాది!" అని అత్త విరుచుకుపడడం వినిపించాయి. నాకు మాత్రం ఆ సోమవారం మనసులో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. మరుసటి నెల సంస్కారం అయిన మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే బయల్దేరాను.

డాబా మెట్లెక్కి పైకి తల పెట్టానో లేదో, "ఒరే, అక్కడే ఆగు! సీరలు తొక్కెత్తావు!" అని అత్త గావుకేక. సంస్కారం రోజున సమాజం ఆడవాళ్లంతా తెల్లచీరలు కడతారు. ఒక్కరి చీరకి గంజి తక్కువైనా సమాజం పరువు పోతుందని అత్త (నర్సు క్రమశిక్షణ ఎక్కడికి పోతుంది?) మర్నాడు అందరి చీరలూ తన పెరట్లోనే ఉతికించి, గంజి పెట్టించి, తన డాబా మీదే ఆరబెట్టిస్తుంది. ప్యానెళ్ల చుట్టూ, వాటి కింద ఉన్న సామాన్ల మీద కూడా చీరలే, అంచులకి ఇటుక ముక్కలు. కళ్లు తెరవలేనంత తెలుపు. వంగి చూస్తే ప్యానెళ్ల అడుగుభాగం వెలిగిపోతోంది. మిగతా రోజుల్లో దానికి కనిపించేదేమిటయ్యా అంటే, కారకుండా పూసిన నల్లటి తారు, కొబ్బరి డొక్కలు, మావయ్య పాత సైకిలు, గుడ్ల మీద కూర్చున్న ఒక కోడి.

"ఇవన్నీ తీసెయ్యాలత్తా" అన్నాను.

"ఎందుకురా? నీడ ఊరికే పడున్నాది. ఊరికే పడున్నదాన్ని వాడుకోకపోతే పాపం కాదేటి?"

ఆ వెలుతురే మన కరెంటని వివరిస్తే డొక్కలకి ఒప్పుకుంది, సైకిలుకి ఒప్పుకుంది, కోడి దగ్గర ససేమిరా అంది. నా భవిష్యత్తు, ఎండాకాలం, మా నాన్న తీర్పు అన్నీ కలిసి ఆ గుడ్లు పగిలేదాకా ఆగవలసి వచ్చాయి. పిల్లలు బయటికొచ్చిన రోజున నాకంటే ఆనందపడ్డవాడు ఆ జిల్లాలో లేడు. వెంటనే స్టాండు నడుమెత్తుకి లేపి, గాలివానకి కదలకుండా బోల్టులు బిగించి, డాబా అంతా తెల్లసున్నం కొట్టాం. బల్లుల మావయ్యే పంచె ఎగ్గట్టి, మీసాలు తెల్లబడేలా బ్రష్షు పట్టాడు. ఆ తెలుపుకి చిన్న మావయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గోడ దగ్గరికి రావలసి వచ్చేది.

నాన్న శనివారం వచ్చారు. సాయంత్రం అత్త మా లెక్క గట్టిగా చదివింది. గోడ అవతల నుంచి ఎంతసేపటికీ జవాబు రాలేదు. "పలకరేటండీ?" అని అత్త రెట్టిస్తే, "దాటేసినాదిలే వొదినా" అని చిన్న గొంతు. మావయ్య నన్ను ఎత్తబోయి నడుం పట్టేసి కూర్చుండిపోయాడు. నాన్న మాత్రం, "ఇంకో రోజు సూద్దాం" అన్నారు. ఆదివారం కూడా దాటాం. నాన్న ఇన్వర్టర్ మీది అంకెలు తనే మరోసారి చదువుకుని, వెళ్లి సంచీ సర్దుకున్నారు.

సోమవారం ఇంటికి వెళ్లడానికి ఇద్దరం స్టేషనుకొచ్చాం. నేను నీళ్లు తాగి వస్తుంటే నాన్న టీ కొట్టు దగ్గర ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో అంటున్నారు, "మావోడేనండి. సూర్యుడి సేత రెండేపులా పని సేయిస్తన్నాడు." నేను స్తంభం చాటున నిలబడిపోయాను. ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ పొంగులో, వచ్చిన రైలు ఎటు పోతోందో చూడకుండా ఎక్కేశాను. నౌపడా దగ్గరపడ్డాక గాని మేం ఇంటికి కాదు, దానికి ఎదురు దిక్కున పలాస వైపు పోతున్నామని తెలియలేదు.

"నాన్నా, మీరైనా సూడలేదేటి?"

"నువ్వెక్కావని ఎక్కాన్రా" అన్నారాయన తాపీగా.

నా మాట మీద మార్కెట్టుకి సైతం రాని మనిషి! నేను తెల్లబోయి చూస్తుంటే, ఆయన కిటికీలోంచి ఎండలో మెరిసిపోతున్న ఉప్పు మడుల వైపు చెయ్యి చూపించి, "ఒరే, ఇక్కడ పెడితే అడుగేపు ఇంకా బాగా వస్తాది కదరా?" అన్నారు. నేను లేచి నిలబడి, చేతులు తిప్పుతూ, రైలు డబ్బా మొత్తానికీ వినపడేలా వివరించడం మొదలుపెట్టాను. ఆనాటి నాలాంటి ఆ కుర్రాడు ఇప్పుడు నాకు ఎదురైతే తప్పు రైల్లో ఉన్నావని చెప్పను. పక్కనే కూర్చుని పలాస దాకా వింటాను.