అమ్మ ఇప్పించిన ఉద్యోగం

ఇది తెలుగులో రాయడంలో ఒక సౌకర్యం ఉంది. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. ఎన్నో తరాలుగా పుదుచ్చేరిలోనే ఉన్న కుటుంబం మాది. బడి చదువు తమిళంలో, ఆఫీసు మాటలు ఇంగ్లీషులో, పోట్లాటలు తెలుగులో. నాకు అక్షరాలు నేర్పింది కాలేజీలో నా పక్కన కూర్చున్న యానాం అమ్మాయి. ఆమె పుణ్యం లేకపోతే ఇదంతా తమిళంలో రాయాల్సి వచ్చేది, అమ్మ చదివేది.

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో చెన్నై కంప్యూటర్ కంపెనీ ఒకటి నన్నూ ఆ యానాం అమ్మాయినీ ఒకే రోజు ఎంపిక చేసింది. అమ్మ వీధంతా మైసూర్‌పాక్ పంచింది. మా మేనమామ అక్కడితో ఆగే మనిషి కాడు. ఆయనకు బ్యానర్ల పిచ్చి. చెవులు కుట్టినా బ్యానరే, ఎవరైనా పోయినా బ్యానరే. నాలుగో రోజుకల్లా వీధి మొదట్లో టీ కొట్టు పక్కన నా ఫొటో నిలువెత్తున లేచింది. ఒంటి మీద నల్ల గౌను, తలపై చదునైన టోపీ. అవి నేనెప్పుడూ వేసుకోలేదు, ప్రింటు షాపువాడే తొడిగాడు. పక్కన మామ చేతులు జోడించి నిలబడ్డాడు, నాకంటే కాస్త పెద్ద సైజులో.

తర్వాత చేరాల్సిన నెల దగ్గర పడింది, మెయిలు వచ్చింది. వ్యాపార పరిస్థితుల దృష్ట్యా చేరే తేదీని వెనక్కి జరుపుతున్నామని, మా ఓపికకు కృతజ్ఞతలని. ఓపిక ఉందో లేదో అడగకుండానే కృతజ్ఞతలు చెప్పడం నాకు నచ్చలేదు. రెండు నెలల తర్వాత అదే మెయిలు మళ్లీ వచ్చింది. ఈసారి కొత్త తేదీ కూడా లేదు.

నాయనకు మోటారు పంపుల విడిభాగాల షాపు ఉంది. బాహూరు రైతులే ఆయన గిరాకీ. రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగాడు, ఉద్యోగాన్ని మా ఇంట్లో అందరిలాగే తమిళంలో వేలై అంటూ.

"యాడో యుద్ధం జరిగితే నీ వేలై ఎందుకు ఆగాల?"

అక్కడి కంపెనీలు ఖర్చు తగ్గించుకుంటున్నాయని, ఇక్కడివాళ్లకు ఇచ్చే పని తగ్గిందని, మిగిలిన పనిలో కొంత యంత్రాలే చేసేస్తున్నాయని చెప్పాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ విన్నాడు.

"పంట పోతే ఈడ మోటారు ఎవుడూ కొనడు. అదే కదా నువ్వు చెప్పేది."

అదే. నా చదువంతా కలిపినా అంత చిన్న వాక్యంలో నేను చెప్పలేకపోయాను. అమ్మ మాత్రం ప్రపంచం గురించి ఏమీ అడగలేదు. ఆమె సమస్య వీధి. ఎదురింటి అత్త కనబడ్డప్పుడల్లా "పాప ఇంకా చేరలేదా" అంటుంది. చెడ్డ మనిషి కాదు, మా మైసూర్‌పాక్ తిన్నది కాబట్టి అడుగుతోంది. అడిగిన ప్రతిసారీ అమ్మ ముఖం కొంచెం కొంచెంగా చిన్నబోయేది. ఒక పొద్దున కురుచికుప్పం నుంచి వచ్చే చేపలామె దగ్గర వంజరం బేరమాడుతుండగా ఎదురింటి అత్త మళ్లీ అడిగింది. అమ్మ చేప మొప్పలు ఎత్తి చూస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"చేరేసింది అక్కా. వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చినారు."

నేను గుమ్మంలోనే ఉన్నాను. అమ్మ నా వైపు చూడలేదు. చేప తీసుకుని లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, రేపటి నుంచి పది గంటలకి నడిమి గదిలో కూర్చోమంది.

"ఎందుకు?"

"ఆఫీసు పది గంటలకి కదా."

నాకు నవ్వొచ్చింది. నాయన కూడా నవ్వాడు, సుమ్మా, ఊరికే కొన్ని దినాలే కదా అన్నాడు. అవతల తేదీ రాగానే చెన్నై వెళ్లిపోతాను, అబద్ధం నిజమైపోతుంది. మా ఇంట్లో ఈ విషయం తెలియని మనిషి ఒక్కరే, మా అవ్వ, నాయనను కన్న తల్లి. ఆమెకు చెబితే వీధికి చెప్పినట్టేనని అమ్మ చెప్పనివ్వలేదు.

మర్నాటి నుంచి నేను ఉద్యోగిని. లాప్‌టాప్ ముందు కూర్చుని తలుపు మూసుకోవాలి, చెవులకు హెడ్‌సెట్ ఉండాలి. వీధిలోకి రాకూడదు, మేడ మీద బట్టలు ఆరేయకూడదు, పట్టపగలు నిద్రపోకూడదు. ఒంటిగంటకు భోజనం, నాలుగింటికి కాఫీ. కాఫీ అమ్మే తెచ్చేది, తలుపు తట్టి. ఇరవై రెండేళ్లలో నా గది తలుపు ఆమె తట్టిన పాపాన పోలేదు. ఆ నెలల్లో ఆమెకంటే కఠినమైన మేనేజరు చెన్నైలో దొరికేవాడు కాదు. పుదుచ్చేరి విమోచన దినం వచ్చింది, ఊరికంతా సెలవు. నాకు లేదు. మాది చెన్నై కంపెనీ కదా, వాళ్లకు ఆ సెలవు ఉండదని అమ్మే గుర్తు చేసింది.

అవ్వ పని ఇంకా ఎక్కువైంది. ఆమె రోజూ ఇంటి ముందు తిన్నె మీద కూర్చునేది, ఇప్పుడు కుర్చీ తెచ్చి నా తలుపు పక్కనే వేసుకుంది. పిల్లలు బంతి ఆడితే కసిరేది, ఎవరైనా మిక్సీ వేస్తే ఆపించేది.

"మెల్లిగా, మెల్లిగా. లోపల బిడ్డ వేలై చేస్తా ఉండాది."

ఆ మాట మూసిన తలుపు ఇవతల నాకు వినబడేది. ఆ పూట నేను చేసే వేలై ఏమిటంటే, ఫోనులో వేలు పెట్టి పైకి తోసుకుంటూ పోవడం. మొదట ఉద్యోగాల కోసమే చూసేదాన్ని. ఒక ప్రకటన కింద వేలమంది దరఖాస్తుదారులు. దాని కింద ఎక్కడో కూలిపోయిన ఆసుపత్రి, దాని కింద ఎండిన నది, దాని కింద మా క్లాసు అబ్బాయి జర్మనీలో మంచులో నవ్వుతున్న ఫొటో, దాని కింద ఇంకో పదేళ్లలో ఏయే పనులు మనుషులకు మిగలవో చెప్పే ఒక పెద్దమనిషి. నాకు ఏ ఒక్కదానితోనూ సంబంధం లేదు, కానీ అన్నీ కలిసి నాతోనే మాట్లాడుతున్నట్టు ఉండేది. సాయంత్రం ఆరు గంటలకు గది నుంచి బయటికి వస్తే మెడ నొప్పి, కళ్లు మంట. నిజంగా పని చేసినవాళ్లలాగే అలసిపోయేదాన్ని.

యానాం అమ్మాయి ఫోను చేసేది. ఆమె ఇంట్లో అబద్ధమేమీ లేదు, అందుకని తిట్లున్నాయి.

"మనల్ని మర్చిపోయారంటావేటే వాళ్లు?" అంది ఒకసారి.

"కృతజ్ఞతలు చెప్పారు కదా."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత ఆమె కాకినాడలో ఒక బట్టల షాపులో బిల్లింగుకు చేరింది. నేనూ అలాంటిది ఏదైనా చూసుకుంటానంటే అమ్మ హడలిపోయింది. వీధి మొదట్లో ఆ బ్యానరు, ఇంట్లో ఈ ఉద్యోగం, ఇవి రెండూ పెట్టుకుని నెహ్రూ వీధి షాపులో ఎలా నిలబడతావంది. నిజమే, రెండు ఉద్యోగాలు చేయడం కష్టం.

కార్తీకంలో తుఫాను వచ్చింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు, ఫోన్లకు సిగ్నలు లేదు. బాహూరు వైపు నాట్లన్నీ మునిగిపోయాయి. అవ్వ ఆదుర్దాగా అడిగింది, ఆఫీసోళ్లకి ఎట్ల చెప్తావు అని. కరెంటు లేనప్పుడు లీవే అవ్వా అన్నాను. అలా రెండు రోజులు నేను తిన్నె మీద అందరితో పాటు కూర్చున్నాను. ఎదురింటి అత్త వాళ్లింట్లో గ్యాసు లేకపోతే మా ఇంట్లోనే అందరికీ ఉప్మా చేశాం. పిల్లలకు కాగితం పడవలు చేసి ఇచ్చాను. ఊళ్లో అంత నష్టం జరుగుతుంటే నేను ఆ ఏడాది మొత్తంలో సంతోషంగా ఉన్నది ఆ రెండు రోజులే. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు వచ్చింది. వీధంతా కేకలు వేసింది. నేను మాత్రం లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఎవరూ వెళ్లమనలేదు.

ఆ తర్వాత సంగతులు వరసగా గుర్తులేవు. తల ముందు భాగం మాత్రం దువ్వుకునేదాన్ని, వెనక జుట్టు అట్టకట్టింది. ఫోను మోగితే అరచేతులు తడిసిపోయేవి. అన్నం నోట్లో పెట్టుకుంటే మింగడం మర్చిపోయేదాన్ని. కంప్యూటరు ముందు కూర్చుంటే ఒళ్లు వేడి చేస్తుందని అమ్మ మజ్జిగ ఇచ్చేది, శుక్రవారం తలకు నూనె పెట్టేది, ఉప్పు మిరపకాయలు దిగదుడిచేది. అందరి కళ్లూ నీ వేలై మీదే ఉండాయి అనేది. నేను ఆమె ముఖంలోకి చూసేదాన్ని. ఆమె నటించడం లేదు. నాయన కూడా రాత్రి షాపు మూసి వచ్చి, చెప్పులు విడుస్తూ "ఈ దినం వేలై ఎక్కువా?" అని అడగడం మొదలుపెట్టాడు. "పర్వాలేదు నాయనా" అనేదాన్ని. ఇద్దరికీ నిజం తెలుసు. అయినా ఆ మాట తప్ప మేం మాట్లాడుకోవడానికి ఇంకో మాట మిగల్లేదు.

అబద్ధం ఆడుతున్నానన్న బాధ కాదు అది. ఆ ఇంట్లో అందరూ ఆ ఉద్యోగం చేసే అమ్మాయితో మాట్లాడుతున్నారు, నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నేను లేకపోయినా ఆ గది తలుపు మూసి ఉంటే చాలు, ఇల్లు నడిచిపోతుంది. అలా అనిపించాక, నేను లేకపోవడమే అందరికీ సులువేమో అని కూడా అనిపించింది. ఒకసారి కాదు. అలా అనిపించినప్పుడు పెద్దగా భయం కూడా వేయకపోవడం తలుచుకుంటే నాకు ఇప్పుడు భయం వేస్తుంది.

ఒక మధ్యాహ్నం, భోజనమైన తర్వాత, ఊపిరి అందలేదు. గాలి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. హెడ్‌సెట్ లాగి పారేసి తలుపు తీసుకుని బయటికి వచ్చాను. పక్కనే కుర్చీలో అవ్వ ఉంది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. నన్ను చూసి గోడ గడియారం చూసింది.

"ఏంది, లీవా?"

"అవ్వా, నాకు ఉద్యోగం లేదు."

"తీసేసినారా?"

"లేదు. ఇంకా ఇయ్యనే లేదు."

ఆమెకు అర్థం కాలేదు. నేను కింద కూర్చుని, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ మొత్తం చెప్పాను. బ్యానరు దగ్గర నుంచి, వంజరం చేప దగ్గర నుంచి. నేను లేకపోతే బాగుండుననిపిస్తోందని కూడా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టి నా తల ఒళ్లో పెట్టుకుంది. అట్టకట్టిన జుట్టులో వేళ్లు పోనిచ్చి చిక్కులు తీయడానికి ప్రయత్నించింది. తర్వాత అమ్మను కేకేసింది. ఆ కేక వీధి మొదటి దాకా వినబడి ఉంటుంది.

మర్నాడు పొద్దున ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం, అమ్మ, నేను, రావద్దన్నా వినకుండా అవ్వ. మానసిక వైద్యం గది ముందు బెంచీల మీద నా వయసు పిల్లలే ఎక్కువ, ఒక్కొక్కరి పక్కన ఒక్కో అమ్మ. డాక్టరమ్మ చిన్నావిడే, నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. ఏం చేస్తుంటావని తమిళంలో అడిగింది. నేను ఏమీ లేదన్నాను, అదే క్షణంలో అమ్మ సాఫ్ట్‌వేర్ అంది. డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, రాసుకోవడం ఆపి, సరే, మొదటి నుంచి చెప్పండి అంది. అమ్మ తలొంచుకుంది. నేనే చెప్పాను.

నిద్ర గురించి అడిగింది, తిండి గురించి అడిగింది. ఏడుపు వస్తుందా అంది.

"ఏడవదు డాక్టర్," అంది అమ్మ. "చిన్నప్పటి నుంచి ఏడవదు. ధైర్యం ఎక్కువ. ఇది ఊపిరి ఇబ్బందే."

ఏడ్చేటప్పుడు చున్నీ నోట్లో కుక్కుకునేదాన్ని, ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు అనుకునేదాన్ని.

"ఏడస్తాది," అంది వెనక నుంచి అవ్వ.

అమ్మ తిరిగి చూసింది. "నీకెట్ల తెలుసు?"

"దినమూ వినబడతాది కదా తలుపులో నించి. అన్నం తిన్నాక కొంచేపు. మళ్లీ కాఫీ తాగినాక కొంచేపు."

"మరి చెప్పలేదేందత్తా? ఇన్ని దినాలు చెప్పకుండా ఉండావే!"

అవ్వ అమ్మను చూడలేదు, నన్నూ చూడలేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ తెలుగులోనే చెప్పింది, డాక్టరమ్మకు అర్థం కాదని కూడా తోచలేదు ఆమెకు.

"వేలై అంటే అట్లనే ఉంటాది అనుకొంటి. మీ మామ, ఈ బిడ్డ తాత, మిల్లు నించి వచ్చి గోడకి తిరిగి పడుకొని ఏడ్చేవాడు, నేను వినబడనట్టు ఉండేదాన్ని. మొగోడు, సిగ్గుపడతాడు కదా అని. ఈ బిడ్డా సిగ్గుపడుతుందేమో, ఎవురూ చూడకూడదని... ఆ కొంచేపు ఎవురినీ తలుపు తట్టనీకుండా నేనే అడ్డం కూసుంటి."

అవ్వ ఏం చెప్పిందని డాక్టరమ్మ అమ్మను అడిగింది. అమ్మ ఇంకా అవ్వ వైపే తిరిగి ఉంది, అందుకని నేనే తమిళంలో చెప్పాను. మా అవ్వకు నేను ఏడవడం రోజూ వినబడేదని, నన్ను ఎవరూ కదిలించకుండా కాపలా కాసిందని. సగం చెప్పేసరికి చున్నీ కోసం వెతుక్కున్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నేను వాళ్ల ముగ్గురి ముందూ, నోరు మూసుకోకుండా, గట్టిగా ఏడ్చాను.