ఎర్ర సిరా కింద నా సంతకం

నాకు రాయడం వచ్చింది ఒక్కటే, నా పేరు. అది కూడా నా కూతురు నేర్పిందే. ఇప్పుడు చెబుతున్నదంతా నోటితో చెబుతున్నదే. రాసే చెయ్యి నాది కాదు, మాట మాత్రం నాది.

నర్సీపట్నం పక్కనే జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని చేస్తాను. పిక్క పగలగానే తొక్కలోంచి కారే జీడి వేళ్ళను కాల్చేస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. రేషన్ డిపోలో మిషను మీద వేలు పెడితే అది నన్ను గుర్తుపట్టేది కాదు. "నీకు ముద్రల్లేవే పిల్లా, హాయిగా దొంగతనాలు సేసుకోవచ్చు" అని డిపో ఆయన నవ్వేవాడు. మా ఆయన చెరకు ట్రాక్టరు మీంచి పడి చనిపోయాక ఏ ఆఫీసుకు వెళ్ళినా వేలో, సంతకమో అడిగేవారు. వేలు పనికిరాదని తేలిపోయింది. అప్పుడు మూడో తరగతిలో ఉన్న నా కూతురు గచ్చు మీద సుద్దముక్కతో నా పేరు రాసి, నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. నెల రోజులు దిద్దాను. ఆ పిల్ల నాకు టీచరు, నేను మొద్దు పిల్లను. "అలక్కాదమ్మా, తలకట్టు మర్సిపోయావు" అని నెత్తి మీద మొట్టేది.

ఆరో తరగతికి దాన్ని సర్కారు హైస్కూల్లో వేశాను. అక్కడ లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. నా కూతురికి లెక్కలంటే ఎంత ఇష్టమంటే, బియ్యం ఏరుతూ కూడా గింజల్ని వరసలు వరసలుగా పెట్టేది. ఒకసారి చుట్టాల పెళ్ళికని రెండు రోజులు బడి మానిపించాను. మూడో రోజు పొద్దున్నే ఆ మాస్టారు మోటారు సైకిలేసుకుని షెడ్డు గేటు దగ్గరికే వచ్చేశారు. నలభై మంది ఆడవాళ్ళు పిక్కలు కొడుతున్నారు. అందరూ వింటుండగానే అరిచారు.

"ఏమ్మా, పెళ్ళి భోజనం కోసం పిల్ల చదువు చెడగొడతావా? అది క్లాసులో లేకపోతే నాకు పాఠం చెప్పబుద్ధి కాదు. ఇంకోసారి మానిపించావంటే నేనే మీ ఇంటికొచ్చి కూర్చుంటాను."

షెడ్డంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాటల్లో నా కూతురి మీద ఆయనకున్న ప్రేమ నాకు వినబడలేదు. నలుగురిలో నా పరువు పోయిందన్నదే వినబడింది.

అదే షెడ్డులో నా పక్కన మా తోటికోడలు కూర్చుంటుంది. వాళ్ళబ్బాయి ప్రైవేటు బడికి పసుపుపచ్చ బస్సులో వెళ్తాడు. ఆ రోజంతా నన్ను వదల్లేదు.

"మా వోడి బడిలో ఇలాగరిసేవోళ్ళెవులూ లేరే. ఏదున్నా డైరీలో రాసి పంపుతారు. మనం సంతకం పెడితే సాలు. మర్యాదుంటాది."

"మాస్టారు మంచోడేలే అక్కా."

"మంచోడైతే ఏటి? టై కడతాడా? బూట్లేయిస్తాడా? తండ్రి లేని పిల్లని సెప్పి ఆ బడిలో పడేశావు. రేపు అది నిన్నే అడుగుతాది సూడు."

ఆ చివరి మాట నాకు ముల్లులా దిగింది. ఎనిమిదో తరగతికి నా కూతుర్ని ఆ ప్రైవేటు బడికి మార్చాను. కాయితాలు తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజు లెక్కల మాస్టారు వరండాలో నా ముందు నిలబడ్డారు. ఈసారి అరవలేదు. "దీన్ని పది దాకా నాకు వదిలేయమ్మా. లెక్కల్లో దీనికి అడ్డుండదు. మన బడి పిల్లలకి పెద్ద కాలేజీలో సీటు వచ్చే దారి కూడా ఉంది" అన్నారు. "బస్సు ఇంటి దగ్గరికే వస్తాదండి" అన్నాను. నా కూతురు ఆయన వైపు చూస్తూ నిలబడింది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

కొత్త బడిలో అన్నీ నేను కోరుకున్నట్టే ఉన్నాయి. టై, బూట్లు, బస్సు. సాయంత్రం దిగగానే డైరీ తెచ్చి నా ముందు పెట్టేది. అంతా ఇంగ్లీషే. కొన్ని రోజులు నీలం సిరాతో ఉండేది, కొన్ని రోజులు కింద ఎర్ర సిరాతో రెండు వరసలుండేవి.

"ఎర్రగా ఏటి రాశారే?"

"గుడ్ అని రాశారమ్మా. బాగా సదూతన్నానని."

నేను చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని, కాయితానికి జీడి మరక అంటకుండా మోచెయ్యి పైకెత్తి, తలకట్టు మర్చిపోకుండా సంతకం పెట్టేదాన్ని. ఎర్ర సిరా ఉన్న రోజు ఇంకా జాగ్రత్తగా పెట్టేదాన్ని. షెడ్డులో చెప్పుకునేదాన్ని కూడా: "మా దానికి ఈ వారం మూడుసార్లు ఎర్ర సిరా పడిందే." ఎర్ర సిరా అంటే ఏమిటో మా తోటికోడలితో సహా ఎవరికీ తెలియదు కదా, అందరూ మెచ్చుకున్నారు.

పిల్ల బియ్యం గింజలతో ఆడటం మానేసింది. పెద్దదవుతోంది కదా అనుకున్నాను. మాట తగ్గింది. ఇంగ్లీషు చదువు బరువు అనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక సమాధానం ఉండేది.

తొమ్మిదో తరగతి సగంలో బడివాళ్ళు బస్సు ఆయాతో కబురు పెట్టారు, తప్పకుండా రమ్మని. పని మానుకుని వెళ్ళాను. చేతులు కొంగులో దాచుకుని కుర్చీ చివర కూర్చున్నాను. నా కూతురు గోడ పక్కన నిలబడి ఉంది. పెద్ద సారు డైరీ తెరిచి నా వైపు తిప్పారు.

"చూడండమ్మా. క్లాసులో నోరు విప్పడం లేదు, పాఠం అందుకోవడం లేదు, ఒకసారి వచ్చి కలవండి అని ఎన్నిసార్లు రాశామో. ప్రతిదాని కిందా మీ సంతకం ఉంది. చదివి, సంతకం పెట్టి, ఒక్కసారీ రాలేదంటే ఏమనుకోవాలి?"

పేజీలు తిప్పుతూనే ఉన్నారు. ఎర్ర సిరా, కింద నా పేరు. ఎర్ర సిరా, కింద నా పేరు. ఎంత గుండ్రంగా పెట్టానో అంత గుండ్రంగానూ ఉంది.

అప్పుడు నేనొక్క మాట అనవలసింది. "నాకు చదవడం రాదండీ" అంటే సరిపోయేది. ఆయన పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం తెలుగులో విప్పి చెప్పించేవారేమో. కానీ అక్కడ ఇద్దరు ముగ్గురు తల్లులు మంచి చీరలు కట్టుకుని కూర్చుని ఉన్నారు. "పని మీద పడి రాలేకపోయానండి" అన్నాను. నా కూతురు తలెత్తి నా వైపు చూసింది. అది నాకు అబద్ధం చదివితే, నేను దాని ఎదురుగానే అబద్ధం చెప్పాను. ఇద్దరం ఒకరి సిగ్గునొకరు కాపాడుకున్నాం. పోయింది మాత్రం దాని చదువు.

తల్లికే పట్టింపు లేదని వాళ్ళు అనుకున్నారు. ఏడాది చివర, పదో తరగతికి వేరే బడి చూసుకోమని కాయితాలు చేతికిచ్చారు. ఆ కాయితాలతో ఇంటికొచ్చేదారిలో ఆటోలో అడిగాను, డైరీ నాకు ఎందుకలా అబద్ధం చదివావని.

"నువ్వు సేతులు కడుక్కుని కూసునీదానివి కదమ్మా. నిజం సెప్పాలంటే నోరొచ్చీది కాదు" అంది.

మళ్ళీ సర్కారు బడికే తీసుకెళ్ళాను. చేర్చుకున్నారు. లెక్కల మాస్టారు అప్పటికి ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయారు. ఆయనున్నా ఆయన ముందు ఎలా నిలబడేదాన్నో. పదిలో అన్నీ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది, ఒక్కటి తప్ప. పోయినది లెక్కలే. మళ్ళీ రాసి పాసయింది. ఆ తర్వాత చదవనంది. బతిమాలాను. "ఇంక వద్దమ్మా" అంది, అంతే. కోపంగా అన్నా బాగుండేది.

ఇప్పుడు ఆఫీసుల దగ్గర జెరాక్సు షాపులో చేస్తోంది. అర్జీలు రాస్తుంది, వచ్చిన కాయితాలు చదివి పెడుతుంది. మొన్న దానికి అన్నం పట్టుకెళ్ళేసరికి, కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె కాయితం పట్టుకుని నిలబడి ఉంది. మొహం నిండా ఆశ. నా కూతురు చదివింది.

"నీ అర్జీ అవలేదు మామ్మా. భూమి కాయితం జత సేయలేదట. అది తెస్తే మళ్ళీ రాస్తాను."

ముసలామె మొహం వాడిపోయింది. ఆమె వెళ్ళాక నేనే ఉండబట్టలేక, "కాస్త మెల్లగా సెప్పకూడదేటే, పాపం" అన్నాను.

నా కూతురు అన్నం డబ్బా మూత తీస్తూ, "నిజం సెప్పకపోతే, అయిపోయిందనుకుని ఇంటికాడ కూసుంటాది కదమ్మా" అంది. నన్ను ఏమీ అనలేదు. నన్ను అన్నట్టే ఉంది.

డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆ షాపు మెట్టు మీద కూర్చున్నాను. ఎవరో ఒకరు కాయితం తెచ్చి దాని ముందు పెడుతూనే ఉన్నారు. అది ఒక చేత్తో తింటూ, ఇంకో చేతి వేలు పెట్టి వరస వరసా చదివి చెబుతూనే ఉంది.