సొంతింటి ఫ్యూజు

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పిల్లలకూ పెద్దలకూ అతను కరెంటాయనే. ఎవరింటి గోడలో ఏ తీగ ఎక్కడ మలుపు తిరిగిందో అతనికి కంఠతా వచ్చు గానీ, సొంత వంటింట్లో స్విచ్చుకు చుట్టిన టేపు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. భార్య అడిగినప్పుడల్లా చేద్దాంలే అనేవాడు. పొద్దంతా ఊరివాళ్ల నిచ్చెనలెక్కి దిగినవాడికి ఇంట్లో మళ్లీ నిచ్చెన చూస్తే నీరసం ముంచుకొచ్చేది.

భార్య ఇంట్లోనే బ్రెడ్డూ కేకులూ చేసి దుకాణాలకు వేస్తుంది. పెద్ద ఓవెన్ కొన్నాక పాత తీగలు దాన్ని మోయలేక ప్లగ్గు నల్లబడి, కమురు వాసన మొదలైంది. ఇక తప్పలేదు. మోకాళ్లు మొరాయిస్తున్నా, బయట పనులు పలచబడిన వానాకాలంలో గోడలు చెక్కి, పాత తీగలు లాగేసి, ఇల్లంతా కొత్తగా వైరింగ్ చేశాడు. వారాల్లో అయిపోతుందనుకున్నది నెలలు పట్టింది. పిండిలో సిమెంటు దుమ్ము పడుతోందని ఆమె, బీరువా జరిపిన ప్రతిసారీ తన నడుమే జరుగుతోందని అతను, విసుక్కుంటూనే గట్టెక్కారు.

పని ముగిసిన మర్నాడు ఆమె ఓవెన్ వేసి, గీజర్ వేసి, ఇస్త్రీపెట్టె కూడా పెట్టింది. కాసేపటికి ఇల్లంతా కరెంటు పోయింది. మీటరు పక్కనున్న మెయిన్ ఫ్యూజు కొట్టేసింది.

"ఇన్నాళ్లూ గోడలు తవ్వింది ఇందుకా?" అంది భార్య. గొంతులో కోపమన్నా ఉంటే బాగుండేదనుకున్నాడు. ఉత్త అలసటే ఉంది.

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. ఇంట్లో తీగలు మంచి లావువే. స్తంభం నుంచి మీటరుకొచ్చే కేబులే పాతది, సన్నది. అది ఇరవై ఆంపియర్లకు మించి మోయలేదు కాబట్టి ఫ్యూజు కూడా అంతే ఉండాలి. కేబుల్ కాలకముందే తాను పోవడమే ఫ్యూజు పని. లావు కేబుల్ వేయమని వైరింగ్ మొదలెట్టినప్పుడే కరెంటాఫీసులో అడిగాడు. అదిగో ఇదిగో అంటూ అక్కడివాళ్లు చెప్పులరిగేలా తిప్పుతున్నారు.

ఒకసారి కేకు సగం పొంగాక ఫ్యూజు పోయింది. ఆమె చప్పబడిన ముద్దను తీసి చెత్తలో వేసి, పళ్లెం కడుక్కుంది.

ఆ ఆదివారం ఆమె తమ్ముడొచ్చాడు. సంగతి విని, "ఫ్యూజులో లావు తీగ చుట్టేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమేంటి బావా?" అన్నాడు. ఈ ప్రశ్న ఎన్ని గుమ్మాల్లో విన్నాడో, ఎంతమందికి ఓపిగ్గా జవాబిచ్చాడో లెక్కలేదు. ఆ రోజు మాత్రం లేచి వెళ్లి, మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు పీకి, సన్నతీగ విప్పి లావుతీగ చుట్టేశాడు. బావమరిది సంబరంగా ఇంటికెళ్లాడు.

ఓవెన్, గీజర్, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకేసారి నడిచాయి. లోపల ఆమె కూనిరాగం తీస్తోంది. అతను నడుం వాల్చాడు గానీ కన్ను మూతపడలేదు. చివరికి లేచి బయటికెళ్లి, కిటికీ చెక్కను ఆనుకుని దిగే కేబుల్ మీద చెయ్యి వేశాడు. అప్పుడే దించిన పాలగిన్నెలా ఉంది. గోరు నొక్కితే పైతొడుగు మైనంలా లొంగింది. ఒక్క అంగలో వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాడు.

ఆమె పిండిచేతులతో బయటికొచ్చింది. "ఇటు రా. చెయ్యి పెట్టి చూడు," అన్నాడు.

ముట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీరే లావుతీగ చుట్టారా?"

"నేనే."

"ఊరందరికీ వద్దని చెప్తారుగా."

"చెప్తా. ఇవాళ ఓపిక లేకపోయింది."

దెప్పిపొడుస్తుందనుకున్నాడు. ఆమె గడప మీద కూర్చుంది. "ఫ్యూజు ఎందుకు పోవట్లేదా అని నాకూ అనుమానం వచ్చింది," అంది. "అడిగితే మళ్లీ పోతుందేమోనని అడగలేదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ నవ్వడానికి కూడా బద్ధకమనిపించింది. కేబుల్ చల్లబడ్డాక అతను పాత కొలత తీగే చుట్టాడు. ఆ రోజు నుంచి ఓవెన్ ఆగాకే స్నానాలు. ఇస్త్రీ బట్టలు బయటికిచ్చారు. మొండిఘటమని బావమరిది నాలుగిళ్లలో చెప్పుకున్నాడు, చెప్పుకోనిచ్చారు.

ఎండలు ముదిరాక ఆఫీసు మనుషులు వచ్చారు. ఇంతకాలం తిప్పిన పని కాఫీ చల్లారేలోగా ముగించి వెళ్లారు. అతను కొత్త కేబుల్ పట్టుకుని లావు చూసుకుని, అది మోయగలిగినంతకే ఫ్యూజులో తీగ చుట్టాడు. గీజర్ కూడా వేయనా అని ఆమె వంటింట్లోంచి అడిగింది. వేసుకో అన్నాడు. చాలాసేపు కేబుల్ మీద చెయ్యి ఉంచి చూశాడు. వేడి లేదు. వరండాలో కుర్చీలో కూలబడ్డవాడు అక్కడే నిద్రపోయాడు.

కాసేపటికి ఎవరో గేటు దగ్గరికొచ్చి, మాటిమాటికీ ఫ్యూజు పోతోంది, ఒక్కసారి కరెంటాయన్ని పంపమన్నారు. ఎదురుగా కుర్చీలో మనిషి కనిపిస్తూనే ఉన్నాడు.

"ఆయన లేరండీ, రేపు రండి," అని ఆమె గేటు గడియ వేసేసింది.