డాల్ఫిన్ మీద కొసరు

'ఆ రోజులు' అని మొదలుపెట్టడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది, ఎందుకంటే అవి గడిచి నిండా మూడేళ్ళు కూడా కాలేదు. కానీ మా ఆర్కిటెక్చర్ చదువులో మూడేళ్ళంటే ఒక యుగం. నేను మొదటి ఏడాది చేరినప్పుడు గీత రవ్వంత వంకరపోతే షీటంతా చించి మళ్ళీ గీయించేవారు. నాలుగో ఏడాదికొచ్చేసరికి, కంప్యూటరుకి "సముద్రం ఒడ్డున అందమైన భవనం ఒకటి" అని చెప్పి టీ తాగొచ్చేలోపు నలభై భవనాలు, వాటి ముందు నవ్వుతూ తిరిగే మనుషులతో సహా (కొందరి చేతికి ఆరు వేళ్ళుండేవి, అది వేరే సంగతి) తయారై కూచునేవి. ఇక పిల్లలకి ఏం నేర్పాలిరా దేవుడా అని మా లెక్చరర్లు దిగాలు పడిపోతుంటే, నేర్చుకునే పని తప్పిందని మేం లోలోపల గంతులేస్తుండేవాళ్ళం.

నెల్లూరులో మాది స్టీలు సామాన్ల కొట్టు. నేను నడక నేర్చింది బిందెల వరసల మధ్య, మాటలు నేర్చింది బేరాలు వింటూ. కంప్యూటర్ గీసిన బొమ్మలు నేనే ఉత్సాహం ఆపుకోలేక మా నాన్నకి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి చూసి, "మిషనే గీస్తా ఉంటే నువ్వు అయిదేళ్ళు కూచోని గీత నేర్చుకునేదేందమ్మా? కొట్లోకి రా. గిన్నెలమ్మే మిషను ఇంకా రాలా" అన్నాడు. నేను బొమ్మలు గబగబా మూసేశాను. అంతకుముందే రెండో ఏడాదిలో డిజైను సబ్జెక్టు ఒకసారి తప్పాను. అప్పుడు నాన్నతో నేనే ఒప్పందం చేసుకున్నాను: ఇంకొక్కసారి తప్పితే నోరెత్తకుండా వచ్చి కౌంటర్లో కూచుంటానని. (బేరం కుదిరింది కదా అని అప్పుడు మహా గర్వపడ్డాను కూడా.) కొట్టంటే నాకేం చేదు కాదు. కానీ నేను గీసినది ఒక్కటైనా నేల మీద నిలబడితే చూడాలని నాకొక పిచ్చి.

సరిగ్గా ఆ సమయంలోనే మా డిజైను సారు బాంబు పేల్చారు. ఆయన్ని మేం ట్రేసింగ్ సార్ అనేవాళ్ళం. లోకమంతా కంప్యూటర్లలోకి వెళ్ళిపోయినా చంకలో ట్రేసింగ్ పేపరు చుట్ట లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. ఒక సోమవారం క్లాసులోకొచ్చి, "ఈసారి నుంచి బొమ్మలకి మార్కుల్లేవు" అన్నారు. "బొమ్మ గీయడానికి మీతో పన్లేదని తేలిపోయింది. మీతో పని ఇంకెక్కడైనా ఉందేమో వెతుకుదాం." పని ఏమిటంటే, జువ్వలదిన్నె అవతల ఒక చిన్న పాలెంలో, పొద్దున్నే పడవల దగ్గర చేపలు కొని బుట్టల్లో ఊళ్ళమీదికి మోసుకుపోయి అమ్మే ఆడవాళ్ళు ఉన్నారు. బుట్టలు దించుకుని చేపలు ఏరుకోవడానికి, కాసేపు నీడన కూచోవడానికి వాళ్ళకొక పాక కావాలి. మా డిజైన్లకి యాభై మార్కులు వాళ్ళే వేస్తారు. వాళ్ళతో ఒప్పుకున్నదంతా పదిహేను రోజుల్లో వెదుళ్ళూ తాటాకులతో ఆ ఇసుకలోనే అసలు కొలతల్లో నిలబెడితే మిగతా యాభై సారు వేస్తారు. "ఒప్పుకున్నదాంట్లో ఒక్కటి తగ్గినా సున్నా" అని చుట్టతో బల్ల మీద కొట్టి మరీ చెప్పారు.

క్లాసంతా బెంబేలెత్తిపోయింది. నేను మాత్రం లోపల ఎగిరి గంతేశాను. మార్కులు వేసేది కొనుక్కునేవాళ్ళా! ఇంతకన్నా సులువైన పరీక్ష ఉంటుందా! మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళకి కావలసింది గిన్నె కాదు, గిన్నె ధర తగ్గించామన్న తృప్తి. అందుకే మేం తగ్గించడానికి వీలుగా పైన కొంచెం కలిపి చెబుతాం. అదే సూత్రం ఇక్కడా పెట్టాను. నా అసలు డిజైను ఒక పొడుగాటి పాక, లోపల కూచోవడానికి ఒక అరుగు, అంతే. దాని పైన, తగ్గించడం కోసమని, కంప్యూటర్ని అడిగి ఒక గడియారం స్తంభం, ఒక గాజు గోడ, మధ్యలో నోట్లోంచి నీళ్ళు చిమ్మే డాల్ఫిన్ ఫౌంటెన్ కలిపాను. వాళ్ళు "ఇయ్యన్నీ మాకెందుకు పాపా, తీసెయ్" అంటారు. నేను బాధపడినట్టు నిట్టూరుస్తూ ఒక్కొక్కటే తీసేస్తాను. చివరికి నా పాక నాకు మిగులుతుంది, వాళ్ళ మాట నెగ్గిందని వాళ్ళు మురిసిపోయి మార్కులు కుమ్మరిస్తారు. ఇది విని హాస్టల్లో నా రూమ్మేటు, "వాళ్ళు తీసెయ్యమనకపోతే?" అంది. నేను పగలబడి నవ్వాను. బేరమాడని ఆడవాళ్ళుంటారా, పిచ్చిదానా!

మేం వెళ్ళేసరికి ఒడ్డున వేలం జరుగుతోంది. పడవ దగ్గర ఇసుకలో చేపలు కుప్ప పోసి పాట మొదలుపెట్టారు. నేను పట్టించుకోకుండా నా చార్టు నలగకుండా చూసుకుంటూ నిలబడ్డాను. (ఆ పది నిమిషాలు చెవులు తెరుచుకుని వినుంటే ఈ కథే లేదు.) వేలం అయ్యాక పాతిక మంది ఆడవాళ్ళు వచ్చి టార్పాలిన్ నీడన కూచున్నారు. వాళ్ళ పెద్ద ఒకావిడ ఉంది. మాట్లాడితే మూడు పడవల అవతలికి వినపడుతుంది కాబట్టి మేం అప్పటికప్పుడు మైకక్క అని పేరు పెట్టేశాం. నా ముందు వచ్చిన కుర్రాడు చేప ఆకారంలో ఉన్న పాక చూపిస్తే, "చేపలు కడుపులోకి పోవాల గానీ మేము చేప కడుపులోకి పోయేదేందయ్యా?" అని ఒక్క మాటతో కూచోబెట్టేసింది.

నా వంతు వచ్చింది. చార్టు విప్పాను. స్తంభం, గాజు గోడ, డాల్ఫిన్, వరసగా చెప్పుకుంటూ పోయి, ఇక కొట్టండి బేరం అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను. మైకక్క చార్టు దగ్గరికొచ్చి పైనుంచి కిందికి చూసింది.

"ఇదంతా మాకేనా పాపా?"

"మీకే అక్కా."

"శానా బాగుండాది. అంతా కావాల."

నా చేతులు వాటంతటవే విడిపోయాయి. "అంతా అంటే... ఈ గాజు గోడ ఉప్పుగాలికి ఆగదేమో అక్కా" అన్నాను. "ఆగనిదాన్ని గీసినావా నువ్వు? చదువుకున్నోళ్ళు ఆగేదే గీస్తారులే" అంది. "ఫౌంటెన్ ఎందుకక్కా, ఎదురుగ్గా సముద్రమే ఉంది కదా!" "సముద్రం అందరిదీ. ఇది మా ఒక్కరిదే గదా." వెనక నుంచి ఇంకొకావిడ లేచి, "ఒక చేపేనా? జత పెట్టు పాపా, ఒంటిది దిగులు పెట్టుకుంటాది" అంది. ఇంకొకావిడ, "గడియారం ఒకపక్కే ఉండాదే, మా ఇంటిపక్కకి కనపడదు. నాలుగు పక్కలా పెట్టు." మరొకావిడ, "అంత గాజు పెడతా ఉండావు, కొసరుగా ఒక నిలువుటద్దం పెట్టలేవా?" ఇలా డాల్ఫిన్లు మూడయ్యాయి, స్తంభం మీద మైకొచ్చింది, మైకు మీద లైటొచ్చింది. నాకు అప్పటికి అర్థమైంది. మా కొట్లో బేరం కిందికి దిగుతుంది. ఒడ్డున బేరం పైకెక్కుతుంది! రోజూ పొద్దున్నే కుప్ప మీద పాట పెంచి, పాడుకున్నాక ఇంకో గుప్పెడు చేపలు కొసరు లాక్కునేవాళ్ళ ముందు నేను తగ్గించే బేరం పెట్టుకుని నిలబడ్డాను. ట్రేసింగ్ సార్ పక్కన స్టూలు మీద కూచుని నేను ఒప్పుకున్నవన్నీ ఒక్కటీ వదలకుండా రాసుకుంటున్నారు. తాటాకులతో మూడు డాల్ఫిన్లు నీళ్ళెలా చిమ్మాలి? నాకు మా కొట్లో కౌంటరు వెనక కుర్చీ, దాని మీది దిండు కూడా కనబడ్డాయి.

"అక్కా, ఆపండి!" అని అరిచాను. "అబద్ధం అక్కా. ఇవేవీ మీకోసం కాదు. మీరు తీసెయ్యమంటారని కావాలనే ఎక్కువ పెట్టాను. మీరు తగ్గించండి అక్కా, మీకు దణ్ణం పెడతా. ఇది తప్పితే మా నాన్న చదువు మాన్పించేస్తాడు."

 మైకక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి పాతిక మందీ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "మాకు తెలీదంటావా? బుట్టలో పైన పెద్ద చేపలు పరిచి అడుగున చిన్నయ్యి తోసేటోళ్ళను రోజూ చూస్తా ఉండాం. నీ మొహం ఎంతసేపటికి వాడిపోతాదో చూద్దామని పాట పెంచినాం. బాగానే ఓర్చుకున్నావులే! ఇప్పుడు అడుగున ఏముండాదో చూపించు."

అడుగున ఉన్న పాక చూపించాను. నీడ సరేనంది మైకక్క. అరుగు దగ్గర ఆగింది. "ఇదెంత ఎత్తు?" మోకాలి దాకా అని చెప్పాను, కూచునే అరుగు అంతే ఉండాలని పుస్తకంలోనూ ఉంది, కంప్యూటరూ చెప్పింది. ఆమె చేపలున్న బుట్టొకటి తెచ్చి నా ముందు పెట్టి, "తలకెత్తుకో" అంది. రెండు చేతులతో పట్టి లేపాను. బుట్ట నా నడుము దాకా వచ్చి ఆగింది, తర్వాత వెనక్కి వంగింది, దాంతోపాటు నేనూ వంగి ఇసుకలో వెల్లకిలా పడ్డాను. నా మెడలో ఒక కానాగంత చేప, చున్నీలో రెండు. (ఆ చున్నీ మా రూమ్మేటుది. ఇప్పటికీ ఆ ప్రస్తావన వస్తే నాతో మాట్లాడదు.) మళ్ళీ నవ్వులు. నన్ను లేపుతూ మైకక్క ఆ రోజు మొదటిసారి నెమ్మదిగా చెప్పింది: "ఒకరు ఎత్తిపెడితే గానీ బుట్ట తలకెక్కదు పాపా. నేను దీనికి ఎత్తుతా, ఇది ఇంకొకదానికి ఎత్తుతాది. ఆఖరున మిగిలినదానికి ఎవరు ఎత్తాల?"

 ఆ లెక్క పుస్తకంలో లేదు. కంప్యూటర్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను సారు చంకలోంచి ట్రేసింగ్ చుట్ట లాక్కుని ఇసుకలోనే మోకాళ్ళ మీద కూచున్నాను. బుట్ట రొమ్ము ఎత్తున ఉంటే, ఒక్క మనిషి కాస్త వంగి దాన్ని తలమీదికి జరుపుకోవచ్చు. ఎవరి రొమ్ము ఎత్తు? పాతికమందినీ బడిపిల్లల్లా పొట్టీ పొడుగూ వరసలో నిలబెట్టి, వల తాడుతో కొలిచాను. మూడు ఎత్తులు తేలాయి. అరుగుని మూడు అంచెలు చేశాను. "పొట్టిదానా, నీ మెట్టు ఆడ!" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ వాళ్ళు వెదురు పుల్లలు ఇసుకలో పాతి ఎత్తులు సరిచూశారు. మార్కులు ఎన్నంటే మైకక్క, "ముప్పై. ఇరవై డాల్ఫిన్ మింగింది" అని తేల్చేసింది. సారు తన కాగితం మీద పాతవన్నీ కొట్టేసి, మూడు అంచెల అరుగు అని రాసుకున్నారు. పదిహేను రోజుల తర్వాత ఆ పాక నిలబడింది. ఆఖరున మిగిలిన మనిషి తనంతట తనే బుట్ట తలకెత్తుకుని నడిచిపోవడం చూసి ట్రేసింగ్ సార్ నా పేరు పక్కన నలభై అయిదు వేశారు. నాన్నకి ఫోను చేసి చెబితే, "అయితే కొట్లోకి రావన్నమాట" అని, "ఎత్తు బాగా కుదిరిందామ్మా?" అని అడిగాడు.

ఇప్పుడు నేను నెల్లూరులో ఒక ఆఫీసులో పని చేస్తూ వారానికొక రోజు అదే కాలేజీలో పాఠం చెబుతున్నాను. "మేడం, అన్నీ కంప్యూటరే గీసేస్తుంటే రేపు మాకేం మిగుల్తుంది?" అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. పోయిన నెల వాళ్ళని ఆ పాలెం తీసుకెళ్ళాను. నా వెదురు పాక ఆనవాలు లేదు. మొదటి వానాకాలం గాలికే పోయిందట. దాని చోట వాళ్ళే సరుగుడు కర్రలతో ఇంకొకటి కట్టుకున్నారు, నన్ను అడగనూ లేదు, చెప్పనూ లేదు. అరుగుకి మాత్రం నాలుగు అంచెలున్నాయి. నాలుగోది ఎవరికోసమో నాకు తెలియదు. ఈ అరుగు మొదట గీసింది నేనే అని పిల్లలకి చెప్పబోతూ, కొంచెం ఠీవిగా దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఇంతలో ఎవరో కొత్తమ్మాయి, నన్నెప్పుడూ చూడని మనిషి, బుట్టతో వచ్చి, "రొంత జరుగక్కా, దారికడ్డం నిలబడుకోనుండావు" అంది. జరిగాను. మూడు డాల్ఫిన్లు ఒప్పుకుని ఏడుపు మొహం పెట్టిన అప్పటి నేను ఈ మాట వినుంటే ఎంత చిన్నబుచ్చుకునేదాన్నో అనుకుంటే నవ్వొచ్చింది. కొత్తమ్మాయి బుట్ట అంచె మీద పెట్టి, కాస్త వంగి, తలకెత్తుకుని వెళ్ళిపోయింది.