నైరుతి మూల సంపు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇవాళ కక్కుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. ఒక్కటే షరతు. చదివాక "పోనీలెండి, అందరూ చేసేదే" అనకండి. ఆ మాట నాతో నేను చాలాసార్లు అనుకున్నాను. పనిచేయలేదు.

మాది కృష్ణా జిల్లా. నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మణికొండలో ఆరేళ్లు అద్దె ఫ్లాట్‌లో ఉన్నాం. ఆ ఓనరు గోడకి మేకు కొట్టనిచ్చేవాడు కాదు. మా పెళ్లి ఫొటో ఆరేళ్లూ అట్టపెట్టెలోనే ఉంది. మా సొంత గోడ కావాలి, దానికి మేకు కొట్టుకోవాలి. నవ్వుకోండి. ఆ కసితోనే నేను ఇల్లు వెతకడం మొదలుపెట్టాను.

కొత్త ఫ్లాట్ల ధరలు వింటే కళ్లు తిరిగేవి. చివరికి లింగంపల్లి దాటాక ఒక పాత కాలనీలో చిన్న ఇల్లు దొరికింది. రెండు గదులు, రేకుల వంటిల్లు, గేటు పక్కన నీళ్ల సంపు. ఇంటావిడని పద్మక్క అందాం, అసలు పేరు వేరు. యాభై దాటాయి, జాకెట్లు కుడుతుంది. భర్త అంతకుముందు ఏడే గుండెపోటుతో పోయాడు. ఈ ఇల్లు అమ్మి, దగ్గర్లోనే చిన్న పోర్షను కొనుక్కుని, మిగిలిన దానితో బతుకుదామని ఆమె ఆలోచన. అందుకే ధర దగ్గర పట్టుబట్టి కూర్చుంది. మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ మంచినీళ్లిచ్చి, నవ్వుతూ, తగ్గనని చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. కుట్టుమిషను తొక్కుకునే మనిషికి ఇంత మొండితనమా అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

నాలుగోసారి ఒక్కదాన్నే వెళ్లాను.

నాకు వాస్తు మీద నమ్మకం లేదు. ఆఫీసులో దాని మీద జోకులు వేసేదాన్ని. కానీ చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నదే కాబట్టి ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు. ఆ ఇల్లు రోడ్డుకి ఓరగా ఉంటుంది, దిక్కులు చూడగానే పోల్చుకోలేం. నడిమధ్య నిలబడి ఫోనులో దిక్సూచి తెరిచి సంపు వైపు పెట్టాను. పడమర అని చూపించింది. పడమర అంటే అంత భయపెట్టే మాటేదీ నాకు తెలియదు. ఫోనుని కాస్త ఎడమకి తిప్పాను. నైరుతి అని వచ్చింది. ఆమెని పిలిచి చూపించాను.

"ఈ సంపు ఇక్కడ ఎవరు తవ్వించారండీ?"

"నేనే చెల్లె. ట్యాంకరు పైపు గీడిదాంకనే వస్తది. ఆయన ఆ పక్కకు తవ్విద్దమన్నడు. నేనే లొల్లి వెట్టి గీడ తవ్విచ్చిన. ఏమైంది?"

ఇక్కడైనా ఆగిపోవాల్సింది. ఆమె "నేనే" అన్న క్షణంలో నాకు అంతా అర్థమైంది. ఈ మాట తర్వాత నేనేమన్నా అది ఇంటికి తగలదు, ఆమెకి తగులుతుంది. తెలిసే అన్నాను.

"నైరుతిలో గొయ్యి ఉంటే ఇంటి యజమానికి ప్రాణగండం అంటారండీ. మీకెవరూ చెప్పలేదా?"

ఆమె ఫోను వైపు చూడలేదు. సంపు మూత వైపు చూసింది. అటే చూస్తూ అడిగింది.

"అంటే, ఆయనను నేనే పొట్టన వెట్టుకున్ననా?"

"నేనలా అనలేదండీ. శాస్త్రం అంటుంది."

అలా అన్నాను. శాస్త్రం మీదకి నెట్టేశాను. మర్నాడు ఆమే ఫోను చేసి, ఎంతిస్తే అంతకే ఇచ్చేస్తాను, నాకీ ఇల్లొద్దు అంది. మా ఆయన ఇప్పటికీ నా బేరం గురించి చుట్టాల దగ్గర గొప్పలు చెప్తాడు. ఏం మాట్లాడి దింపానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

వచ్చిన డబ్బుతో పోర్షను కొనలేక ఆమె పక్క వీధిలో ఒక గది అద్దెకి తీసుకుంది. ముందుగదిలో ఆమె భర్త ఫొటో వేలాడిన మేకు అలాగే ఉంది. మా పెళ్లి ఫొటో దానికే తగిలించాం. కొత్త మేకు కొట్టే పని కూడా లేకపోయింది.

సంపు పూడ్చలేదు. ఎందుకు పూడుస్తాం? ఎనిమిదేళ్లుగా ఆ నీళ్లే వాడుతున్నాం. మా ఆయనకి జలుబు తప్ప ఏమీ రాలేదు. ఆయన ఆరోగ్యంగా ఆఫీసుకి బయల్దేరిన ప్రతి పొద్దునా నా అబద్ధం నా కళ్లముందు నుంచే బండెక్కి వెళ్తుంది.

రెండేళ్ల కిందట అమావాస్య అమావాస్యకీ సంపు మూత మీద నిమ్మకాయ కనిపించడం మొదలైంది. చేతబడి అంది ఎదురింటావిడ. నాకు పద్మక్క మీదే అనుమానం వచ్చింది. ఇల్లు చవగ్గా పోయిందన్న కడుపుమంట అనుకున్నాను. నేను మోసం చేసి, కడుపుమంట ఆమెకి అంటగట్టాను. ఒక అమావాస్య పొద్దున్నే కాపు కాశాను. పొట్టి గోడ మీదుగా చెయ్యి చాపి నిమ్మకాయ పెడుతూ దొరికింది.

"తమ్మునికి ఏం గావద్దని వెడుతున్న చెల్లె. మీరు ఆ గుంత పూడుస్తలేరు గద."

తమ్ముడంటే మా ఆయన. కాళ్ల మీద పడాల్సింది. నేనేం చేశానో తెలుసా? వీధి వీధంతా వినేలా అరిచాను. ఇంకోసారి మా గేటు దగ్గర కనిపిస్తే మర్యాదగా ఉండదని. నిమ్మకాయని చెప్పు కాలితో రోడ్డు మీదకి తన్నాను. ఆమె వంగి దాన్ని ఏరుకుని వెళ్లిపోయింది.

ఎందుకు అరిచాను? భయమా, సిగ్గా? ఆమె మీద కోపం కూడా ఉంది, దాచను. నా మాటని అంత తేలిగ్గా ఎందుకు నమ్మింది? ఇంకొకరిని అడగొచ్చుగా, నాతో పోట్లాడొచ్చుగా? నమ్మి నన్ను ఇలాంటి మనిషిని చేసింది అని తిట్టుకున్న రోజులున్నాయి. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా సగం ఆమె మీదకే తోస్తున్నాను.

ఇవాళ అమావాస్య. పొద్దున గేటు తీస్తే నిమ్మకాయ గోడకి అవతల, రోడ్డు వారన ఉంది. గేటు దగ్గరికి రావద్దన్నాను కదా, రాలేదు.

రాసేశాక ఛాతీలో బరువు కాస్త దిగింది. నిజం చెప్పాలంటే ఆ తేలిక చూసి నాకే అసహ్యం వేస్తోంది. క్షమించమని అడగను. మీరు క్షమించేదీ కాదు, అది మీ చేతిలో ఉన్నదీ కాదు.

పద్మక్కా, సంపు ఉన్నది పడమరలో. ఫోను తిప్పింది నేను. మీ ఆయన పోయింది గుండెపోటుతో, మీవల్ల కాదు. చెప్పాల్సింది ఇంతే. మీ గదికి మా గేటు నుంచి రెండు నిమిషాల నడక. నేనింకా చెప్పులు వేసుకోలేదు.