తెల్లరంగు కింది పేరు

మొన్న కార్తీకమాసంలో హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి కోదాడలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మంచినీళ్ళు తాగమన్నా వినకుండా, సంచిలోంచి పాత బొమ్మల పుస్తకాలు పదకొండు తీసి మంచం మీద పరిచింది. అట్టలు చూడగానే గుర్తుపట్టాను. నీలిరెక్క! యాభై ఏళ్ళు దాటిన తర్వాత ఆ ముసుగు మనిషి నా మంచం మీదికి వచ్చి పడుకుంటాడని నేనేమన్నా కలగన్నానా?

మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నీలిరెక్క మామూలు రోజుల్లో మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ. ఆపద వచ్చిందంటే పాలపిట్ట రంగు రెక్కలు తగిలించుకుని సాగర్ కాలువ వెంబడి ఎగిరిపోయి, కాలువ నీళ్ళన్నీ ఒక సీసాలో బంధించాలని చూసే పిచ్చి శాస్త్రవేత్తతో పెద్దవూర గుట్టల మీద కలబడేవాడు. ఎక్కడో సముద్రాల అవతల మేడల మీద దూకే వీరుల బొమ్మలే చూసిన పిల్లలకు, పాలకీడు పొలాల మీద తన నీడ పడేటట్టు ఎగిరే వీరుడు దొరికితే ఊరుకుంటారా? పుస్తకం చేతులు మారి మారి, చివరికి అట్ట ఊడి పోగులు తేలేదాకా చదివేవారు. అందుకే ఇప్పుడు ఆనవాలుకు కూడా దొరకడం లేదు.

ఆ అమ్మాయి ఆ పదకొండింటినీ కలిపి మళ్ళీ అచ్చు వేయాలని పూనుకుంది. పేజీలన్నీ కంప్యూటరులో పెట్టి మరకలు తుడుస్తుంటే ఆమెకు ఒక వింత కనబడిందట. మూడో పుస్తకం మొదలు ప్రతిదానిలోనూ ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి లేదు. ఎడ్లబండి చక్రానికి ఒక ఆకు, అంటే లోపలి కర్ర చువ్వ, లేదు. బర్రెకు ఒక కొమ్ము సగమే ఉంది. మిల్లు పొగగొట్టంలో నాలుగు ఇటుకలు లేవు. "ఇవన్నీ అచ్చులో పోయినయా అమ్మా, లేకపోతే బొమ్మలోనే లేవా?" అని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబుక్కున, నాకేం గుర్తుంటుందమ్మా, ఏనాటి మాట అనేశాను. ఆమె మంచిది, నమ్మింది. పుస్తకాలు నా దగ్గరే వదిలి వెళ్ళింది.

గుర్తు లేకపోవడమేమిటి! ఒక్కొక్కటీ నా చేత్తో పోగొట్టినవే.

నడిగూడెం బడిలో తెలుగు టీచరుగా చేరకముందు, పెళ్ళికి ముందు, నేను సూర్యాపేటలో ఒక అచ్చాపీసులో పనిచేశాను. రోజూ కోదాడ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. మిర్యాలగూడలో రైసుమిల్లు ఉన్న ఒక షావుకారు, బియ్యం బస్తాల చీటీలకూ పెళ్ళిపత్రికలకూ పెట్టుకున్న ప్రెస్సు అది. ఆయనకు పిల్లల పుస్తకాల పిచ్చి పట్టి నీలిరెక్క మొదలుపెట్టాడు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని బొమ్మల మధ్య మాటలు రాసే పని నాకిచ్చాడు. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర బుడగలుంటాయి చూడండి, వాటిలో నల్లసిరాతో మాటలు నింపాలి, తప్పు పోతే సన్నకుంచెతో తెల్లరంగు పూసి మళ్ళీ రాయాలి. ఆడపిల్లకు అచ్చాపీసులో ఏం పనని మా మేనత్త సణిగేది గాని, ఆ పుస్తకం వచ్చినప్పుడు అందరికంటే ముందు చదివేది ఆవిడే.

బొమ్మలు వేసేది మిర్యాలగూడ సర్కారు బడిలో డ్రాయింగు మాస్టారు. సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా మీద సిరా మరకతో ఉండేవారు. ఆదివారం చర్చిలో పాటలు పాడేవారట, నేను వినలేదు. శనివారం శనివారం రెండు అట్టల మధ్య పేజీలు పెట్టుకుని, వాన పడితే తాను తడిసి వాటిని పొడిగా తెచ్చేవారు. నీలిరెక్కను పుట్టించింది ఆయనే, కథా ఆయనదే, బొమ్మా ఆయనదే. పుస్తకం మీద మాత్రం ప్రెస్సు పేరు తప్ప ఇంకో పేరు ఉండేది కాదు.

మొదటి పుస్తకంలో ఆయన ఎక్కడా సంతకం పెట్టలేదు. రెండో పుస్తకం నాడు షావుకారు నన్ను పిలిచి ఒక పేజీ మూల చూపించాడు. అక్కడ మాస్టారి సంతకం ఉంది, చీమంత. "గాయన సర్కారు నౌకరోడు బిడ్డా. పేరు పడ్డదంటే పైవోళ్ళు అడుగుతరు, నౌకరికే మోసమైతది. జర తెల్లరంగు పెట్టు" అన్నాడు. నేను పెట్టాను. మంచిపనే చేస్తున్నాననుకున్నాను, ఒట్టు.

తర్వాతి పుస్తకంలో మూలన సంతకం లేదు గాని, వెతికితే ఎడ్లబండి చక్రం ఆకు మీద నిలువుగా రాసి ఉంది. దాన్నీ చెరిపాను, ఆకుతో సహా. ఆపై పుస్తకంలో బర్రె కొమ్ము గీతల్లో కలిపేశారు. అదీ పట్టుకున్నాను. ఇక చూడండి, నాకు భలే సరదా పట్టుకుంది! ఈసారి ఎక్కడ దాచారో చూద్దామని శనివారం కోసం ఎదురుచూసేదాన్ని. దొరకగానే ఎగిరి గంతేసినంత పని చేసేదాన్ని. మళ్ళీ ఆయన వచ్చినప్పుడు కళ్ళెగరేసి నవ్వితే, ఆయన కూడా కళ్ళద్దాల మీదుగా చూసి నవ్వేవారు. ఇద్దరమూ ఆడుకుంటున్నామనుకున్నాను. పదకొండు పుస్తకాల తర్వాత షావుకారు పోయాడు, కొడుకులు బొమ్మల పుస్తకాలు ఖతం అన్నారు, నేను టీచరునయ్యాను, మాస్టారు ఎప్పుడు పోయారో కూడా నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ అమ్మాయి వెళ్ళిన తర్వాత మూడు రోజులు భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడైనా ఒక్కచోట నా కన్ను తప్పి ఉండకపోతుందా అని. ఒక్కటంటే ఒక్క సంతకం మిగిలి ఉంటే చాలునని, మొక్కులు మొక్కుకుంటూ వెతికాను. లేదు. అంత బాగా చేశాను నా పని. ఇప్పుడు పేజీ తిప్పితే నాకు నీలిరెక్క కనబడటం మానేశాడు, ఆ ఖాళీలే కనబడుతున్నాయి. గోడకు సున్నం పూస్తున్న మనిషిని చూసినా మొహం తిప్పుకుంటున్నాను.

అంతలో ఆ అమ్మాయి ఫోను చేసింది. హక్కుల దగ్గర చిక్కు వచ్చిందట. షావుకారు మనవళ్ళు ముగ్గురు, మిల్లు పంపకాల్లో చెడి ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ముగ్గురూ కలిసి ఒక కాగితం మీద సంతకం పెట్టే మాట కల్ల. బొమ్మలేసినవారు ఎవరని అడిగితే, పుస్తకం మీద పేరు లేదు కదా, ఎవరైతే ఏమన్నారట. అయినా ఫరవాలేదమ్మా, వేసిందెవరో తెలియని పుస్తకానికి అచ్చయిన అరవై ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి, ఇంకో నాలుగైదేళ్ళు ఆగితే ఎవరి సంతకమూ అక్కర్లేదు అంది సంతోషంగా. తెలిస్తేనో అని అడిగాను. తెలిస్తే, వేసినవారు పోయిన నాటి నుంచి అరవై లెక్కపెట్టాలట. మాస్టారు పోయి పాతికేళ్ళే అయింది. అప్పుడు ఆయన వారసులూ షావుకారు మనవళ్ళూ అందరూ ఒప్పుకోవాలి, లేదంటే ఇంకా ముప్ఫై అయిదేళ్ళు ఆగాలి.

అర్థమైందా? నేను నోరు మూసుకుంటే నీలిరెక్క నాలుగైదేళ్ళలో మళ్ళీ ఎగురుతాడు, నేను బతికుండగానే చూస్తాను, కాని అనాథగా ఎగురుతాడు. నోరు తెరిస్తే మాస్టారికి ఆయన బిడ్డ దక్కుతాడు, పుస్తకం మాత్రం నా కళ్ళతో చూడను. ఆ సంతకాలు చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే.

ఇది నేను తేల్చవలసిన విషయం కాదనిపించి మిర్యాలగూడ బస్సెక్కాను. మాస్టారి కూతురు అక్కడ పెద్ద దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు, అన్నవాడికి పాపం చేసిన అనుభవం ఉండి ఉండదు. చెప్పాను, ఆట అనుకున్నానని కూడా చెప్పాను. ఆమె చీరకుచ్చెళ్ళు సర్దుకుంది.

"నువ్వు ఆట అనుకున్నవ్ అక్కా" అంది. "కొత్త పుస్తకం ఇంట్లకు రాంగనే నాయిన బొమ్మలు సూడకపోతుండె. సంతకం దాసిన పేజీ తీసి, గాడ ఒక్కటే సూసి మూసెటోడు. 'ఈసారి గూడ ఉంచలే బిడ్డా' అనెటోడు. ఇగ ఆ పూట ఎవ్వలతోని మాట్లాడకపోతుండె. పేరు పడితే నౌకరికేం కాదని బడి పెద్దసారుతోని కాగితం గూడ రాయించి షావుకారుకిచ్చిండు."

ఆ కాగితం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని బడిలో ఎంతమంది పిల్లలకు అర్థం చెప్పానో! ఆ పిల్లిని నేనేనని తెలుసుకోవడానికి ఇంత వయసు వచ్చింది. ఏడ్చాను, ఆమె ముందే, సిగ్గులేకుండా. ఇప్పుడేం చేయమంటావని అడిగితే ఆమె ఒకటే అంది. "పుస్తకం ఎప్పుడన్న రానీ అక్కా. పేరు లేకుంట మాత్రం రావద్దు."

మరుసటి వారం నాకు తెలిసిందంతా, ఏ బొమ్మలో ఏ గీత కింద సంతకం ఉండేదో పుస్తకం పుస్తకానికీ, రాసి ఇచ్చాను. ఆ అమ్మాయి చదివి కళ్ళు తుడుచుకుంది. అనుకున్నట్టే షావుకారు మనవళ్ళు వకీలును పెట్టారు, పని ఆగిపోయింది.

ఈ రోజుల్లో కోదాడ చౌరస్తాలో ఏ పుట్టినరోజు ఫ్లెక్సీ చూసినా, శుభాకాంక్షలు చెప్పినవాళ్ళ పేర్లే పుట్టినవాడి కంటే పెద్దగా ఉంటాయి. ఫోనులో ఫొటో తీసినా దాని మీద తీసినవారి పేరు పడుతుందట. చూసి నవ్వుకునేదాన్ని, ఇప్పుడు నవ్వు రావడం లేదు. మన కాలంలో పనే కనబడాలి, మనిషి కనబడకూడదని గొప్పగా చెప్పుకున్నాం. ఎంతమందిని అలా కనబడకుండా చేశామో ఎవరూ లెక్క తీయలేదు.

ఇంతా చెప్పి మాస్టారి పేరు ఎక్కడా రాయలేదేమని మీకు అనిపించవచ్చు. ఆ పేరు మొట్టమొదట అచ్చులో పడవలసింది నీలిరెక్క అట్ట మీద, అది ఎన్నాళ్ళకైనా సరే. అంతకంటే ముందు నా రాతల్లో వేసుకునే హక్కు, అన్నిసార్లు చెరిపిన ఈ చేతికి లేదు.